సగం కథ మీద మాట్లాడొచ్చా?

ప్రశ్న: నాకు ముప్ఫై మూడేళ్ళు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ ‘సాగా’ అనే కామిక్స్ సంపుటాలు తొమ్మిది తెచ్చిచ్చాడు, ఒక్కోదాంట్లో ఆరేసి సంచికలు. అప్పటికి మా పాపకు ఏడాది. మొగుడూ పెళ్ళాం పసిపిల్లను చంకనేసుకుని గ్రహాల వెంట పరుగులు పెట్టే కథ కదా, ఇట్టే అతుక్కుపోయాను. ఇలాంటివి చదివే కొందరం వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నాం. ఒక్కో సంచిక చదివాక చిన్న రివ్యూ రాసి అందులో పెడుతుంటాను. గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు. ప్రతిసారీ ఒకటే మాట: ‘పొయ్యి మీద ఉడుకుతున్న కూర రుచి చూసి ఉప్పు లేదంటావేంటమ్మా? కథ పూర్తి కానీ, అప్పుడు మాట్లాడు.’ 54వ సంచిక చదివాక ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ‘ఏడిపించడానికే చంపాడు. ఈ రచయితకు పాఠకులంటే గౌరవం లేదు. ఇక చదవను’ అని రాసి మానేశాను. ఇప్పుడు మళ్ళీ చదవాలనుంది గానీ సగం పేర్లు గుర్తు లేవు. దీనికి తోడు మొన్న మా ఆడపడుచు ఒక సంపుటం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగి, ‘చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఇలాంటి బొమ్మలేంటి వదినా?’ అంది. ఏం చెప్పాలో తోచలేదు. ముగియని కథ మీద రివ్యూలు రాయడం తప్పా? అలాంటి బొమ్మల గురించి రాయాల్సి వస్తే ఎలా రాయాలి? మళ్ళీ ఎక్కణ్ణుంచి అందుకోవాలి?
— ఎస్.ఆర్., విశాఖపట్నం

సమాధానం:

ఎస్.ఆర్. గారూ,

మీ పెద్దాయన కూర సామెత వినడానికి బాగానే ఉంది గానీ ఇక్కడ అతకదు. పొయ్యి మీదున్న కూర ఇంకా ఎవరి విస్తట్లోకీ రాలేదు. సాగా మొదటి సంచిక 2012 మార్చిలోనే విస్తట్లోకి వచ్చింది. 2.99 డాలర్లు పెట్టి జనం కొనుక్కున్నారు. రెండోదానికి మళ్ళీ డబ్బు, మూడోదానికి మళ్ళీ డబ్బు. వడ్డించి డబ్బు తీసుకున్నాక ఉప్పు సంగతి ఎత్తకూడదనడం ఏం న్యాయం?

పోనీ ఆగుదామంటే ఎన్నాళ్ళు ఆగాలి? మొత్తం 108 సంచికలని రచయిత బ్రయన్ కె. వాన్ ఎప్పుడో చెప్పాడు. (మన అష్టోత్తరం లెక్క. ఆయనకా సంగతి తెలిసి పెట్టుకున్నాడని మాత్రం నేననుకోను.) సరిగ్గా సగానికి, అంటే మీరు ఏడ్చిన 54 దగ్గర, 2018 జూలైలో ఆపారు. కనీసం ఏడాది విరామం అన్నారు. 55 వచ్చేసరికి 2022 జనవరి అయింది. ఇన్నేళ్ళకూ డెబ్బై చిల్లర దగ్గరే ఉన్నాం. ఈ లెక్కన మీ పాప కాలేజీలో చేరేదాకా మీ గ్రూపు నోరు మూసుకోవాలి.

అసలు ముగుస్తుందన్న భరోసా ఏది? జపాన్‌లో కెంటారో మియురా 1989లో ‘బెర్సెర్క్’ మొదలుపెట్టాడు. అదీ పెద్దవాళ్ళ కోసం గీసిందే. ముప్ఫై ఏళ్ళు పైగా గీసి, కథ ముగియకుండానే 2021 మేలో చనిపోయాడు. ముగింపు ఎలా ఉండాలో ఆయన నోట విన్న స్నేహితుడు కోజీ మోరి పర్యవేక్షణలో, ఆయన స్టూడియోలోని శిష్యులు 2022 నుంచి దాన్ని నడిపిస్తున్నారు. పూర్తయ్యాకే మాట్లాడాలనుకున్న వాళ్ళకు మియురా బతికుండగా ఒక్క మాటకూ అవకాశం రాలేదు. ‘ది వాకింగ్ డెడ్’ అనే అమెరికా కామిక్స్‌ది ఇంకో తరహా. 2019 జూలైలో 193వ సంచిక చేతికొచ్చాకే అదే చివరిదని పాఠకులకు తెలిసింది. ఆ తర్వాత రాబోయే సంచికలంటూ ముఖచిత్రాలు కూడా ముందే ప్రకటించి అందర్నీ నమ్మించారు. కథ ఎప్పుడు ముగుస్తుందో చదివేవాళ్ళకు తెలియదు, ఒక్కోసారి గీసేవాళ్ళ చేతుల్లోనూ ఉండదు.

మన వారపత్రికల సీరియల్స్ రోజులు మీ పెద్దాయనకు గుర్తుండే ఉంటాయి. ‘సశేషం’ అని పడిన ప్రతి వారం పాఠకులు ఉత్తరాలు రాసేవాళ్ళు. ఆ అమ్మాయికి వాడితో పెళ్ళి చేస్తే పత్రిక మానేస్తామని బెదిరించేవాళ్ళు కూడా ఉండేవారు. కథ పూర్తయ్యాక తీరిగ్గా రాద్దామని ఎవరూ కూర్చోలేదు. సీరియల్ చదవడమంటేనే మధ్యలో మాట్లాడుకోవడం. సాగా వాళ్ళకూ ఈ సంగతి తెలుసు. విడి సంచికల చివర ‘టు బి కంటిన్యూడ్’ అని ఉత్తరాల శీర్షిక నడిపారు. ఈమెయిళ్ళు కుదరవు, కాగితం మీద రాసి పోస్టు చేస్తేనే వేస్తామన్నారు. మీ చేతిలో ఉన్నవి సంపుటాలు కాబట్టి ఆ ఉత్తరాలు మీరు చూసి ఉండరు, వాటిని సంపుటాల్లో వేయలేదు.

ఇంతవరకూ మీ పక్షాన వాదించాను. ఇప్పుడు పెద్దాయన పక్షాన ఒక మాట. నడుస్తున్న కామిక్స్ మీద వచ్చే రివ్యూల్లో చాలా వాటిలో విమర్శ ఉండదు, జోస్యం ఉంటుంది. ‘ఈ పాత్రను ఇలా వదిలేస్తారు చూడండి’, ‘వీళ్ళిద్దరికీ ముడిపెట్టడానికే ఇదంతా’ అని రాసి, ఇంకా జరగని దానికి ముందే మార్కులు తగ్గించేస్తారు. ఆయనకు చిరాకు పుట్టించేది ఇదే అయితే ఆ చిరాకు న్యాయమైనదే. చేతిలో ఉన్న పేజీల మీద ఎంత గట్టిగానైనా మాట్లాడండి. రాని పేజీల మీద మాట్లాడాలనిపిస్తే దాన్ని ఊహ అనే చెప్పి విడిగా రాయండి. రివ్యూ నెత్తిన సంచిక నంబరు, తేదీ వేయండి. ఇది చాదస్తం కాదు. నాలుగో సంచిక చదివిన మనిషి మాటకూ పద్నాలుగో సంచిక చదివిన మనిషి మాటకూ తేడా ఉంటుంది, రెండూ నిజమే కావచ్చు.

ఆ రెండు నంబర్లూ ఊరికే అనలేదు. నాలుగో సంచికలో ది విల్ అనే కిరాయి హంతకుడు సెక్స్‌టిలియన్ అనే గ్రహానికి వెళ్తాడు. గ్రహం మొత్తం వేశ్యావాటిక. పేజీల నిండా రంగురంగుల నగ్న దేహాలు, వింత ఆకారాలు, కొంత వెటకారం. ఏదీ రుచించక తిరుగుతున్న అతనికి ఒక దళారీ ఆరేళ్ళ పిల్లను చూపిస్తాడు. మరుక్షణం ఆ దళారీ తల ది విల్ చేతుల్లో నలిగిపోతుంది. అది 2012 వేసవిలో వచ్చింది. ఆ నెలలో కూర్చుని, ‘ఒక కిరాయి హంతకుణ్ణి మంచివాడిగా చూపించడానికి పసిపిల్లను ఎరగా వాడుకున్నారు’ అని ఎవరైనా రాసి ఉంటే నేను కాదనేవాణ్ణి కాదు. అప్పటికి పేజీల్లో ఉన్నది అంతే. ఆ పిల్లకు పేరు కూడా లేదు.

పద్నాలుగో సంచిక వచ్చేసరికి ఏడాది దాటింది. ఆ పిల్ల బయటపడింది, సోఫీ అనే పేరొచ్చింది. ది విల్ దగ్గర ఒక పెద్ద పిల్లి ఉంది కదా, ఎవరు అబద్ధమాడినా ‘అబద్ధం’ అనే ఒక్క మాట అనేది. సోఫీ ఆ పిల్లి పక్కన కూర్చుని తనలో తాను మాట్లాడుకున్నట్టు మాట్లాడుతూ, నేను చెడ్డ పనులు చేశాను, అందుకే నా లోపలంతా మురికి అంటుంది. పిల్లి అంటుంది: అబద్ధం. అంతే. హితబోధ లేదు, కన్నీళ్ళు లేవు, జరిగిన దాన్ని మళ్ళీ గీసి చూపించడం లేదు. మొదట్లో నవ్వు కోసం పెట్టినట్టున్న పిల్లి ఇక్కడ ఇంకెవరూ చేయలేని పని చేసింది.

మరి 2012లో రాసిన రివ్యూ తప్పా? తప్పు కాదు. అది ఆ రోజు లెక్క. దాన్ని చెరిపేయక్కర్లేదు. పద్నాలుగు చదివాక ఆ మనిషి మళ్ళీ వచ్చి, ‘అప్పుడు ఇలా అన్నాను, ఆ బాకీ ఇప్పుడు తీర్చారు’ అని రాస్తే చాలు. పూర్తయ్యాక ఒకేసారి రాసేవాళ్ళకు ఇది దొరకదు. బాకీ పడ్డ రోజు నుంచి తీరిన రోజు దాకా పాఠకుడి మనసులో ఏం జరిగిందో వాళ్ళు చెప్పలేరు. సీరియల్ రివ్యూ విలువంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ఇక 54 మీద మీరు రాసింది. చచ్చిపోయింది ఎవరో ఇక్కడ రాయను, ఇది చదివేవాళ్ళలో ఇంకా అక్కడిదాకా రానివాళ్ళు ఉంటారు. మీ మూడు వాక్యాలూ చూడండి. ‘ఏడిపించడానికే చంపాడు.’ ఇది రచయిత మనసులోకి దూరి చెప్పిన మాట, పేజీలో కనపడేది కాదు. ‘పాఠకులంటే గౌరవం లేదు.’ ఇదీ అంతే. ‘ఇక చదవను.’ ఇది మీ నిర్ణయం, దానికి ఎవరూ అడ్డు చెప్పలేరు. కానీ మూడు వాక్యాల్లో సంచికలో ఏముందో ఒక్క ముక్క లేదు. చదవనివాడికి దీన్నుంచి మీకు కోపం వచ్చిందని తప్ప ఇంకేమీ తెలియదు.

కోపం తగ్గించుకోమనడం లేదు, ఆ కోపాన్నే పేజీల మీదికి తిప్పండి. ఆ చావు ఊడిపడిందా, దారి ముందే వేశారా? చనిపోయిన మనిషి మొదటి సంచిక నుంచీ పట్టుకొచ్చిన ఒక ఒట్టు ఉంది. దానికీ ఈ ముగింపుకూ లంకె ఉందా? ఆ పసిపిల్ల హేజెల్ పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసి చెబుతున్న కథ ఇది, మధ్యమధ్యలో ముందు జరగబోయేవి ఆమే నోరు జారుతూ ఉంటుంది. ఈ చావు గురించి ఆమె ముందే ఎక్కడైనా సూచించిందా, మనం గమనించలేదా? ఇవన్నీ వెతికాక కూడా ‘ఇది అన్యాయంగా ఉంది, ఫలానా పేజీల వల్ల’ అని మీరంటే ఆ రివ్యూ ముందు పెద్దాయన కూడా తగ్గాల్సిందే.

నిజానికి ఈ విషయంలో నాకూ ఒక ఫిర్యాదు ఉంది. 54 మీద కాదు, మొత్తం సిరీస్ అలవాటు మీద. కొత్త పాత్ర వచ్చి కాస్త ముద్దొచ్చిందంటే చాలు, ఇక దీనికి రోజులు దగ్గర పడ్డాయని అనుభవమున్న పాఠకుడికి అర్థమైపోతుంది. మొదటి రెండు మూడు సంపుటాల్లో ఎవరైనా పోతే ఒళ్ళు జలదరించేది. తర్వాత తర్వాత, ‘అయ్యో’ అనేలోపే ‘అనుకున్నా’ అనేస్తున్నాం. యుద్ధంలో ఎవరికీ పూచీ లేదని చెప్పడానికే ఇదంతా అని సమర్థించవచ్చు. ఆ ఉద్దేశం మంచిదే. పదేపదే అదే ఎత్తు వేస్తే పదును పోతుంది, ఆ ఫిర్యాదు ఉద్దేశం మీద కాదు, పనితనం మీద. ఇలాంటిది రాయడానికి 108 దాకా ఆగాల్సిన పని లేదు.

విరామాల మీద కూడా గ్రూపుల్లో తిట్లు చూస్తుంటాను. మూడున్నరేళ్ళు పాఠకుణ్ణి గాలికి వదిలేశారని. ఒకటి గుర్తుంచుకోండి. పెద్ద కంపెనీల సూపర్‌హీరో కామిక్స్‌లో పెన్సిల్ గీసేవాళ్ళు ఒకరు, ఇంకు ఒకరు, రంగులు ఇంకొకరు. ఆలస్యమైతే మధ్యలో చిత్రకారుణ్ణి మార్చేస్తారు. సాగాలో గీత, ఇంకు, రంగు, ముఖచిత్రాలు అన్నీ ఫియోనా స్టేపుల్స్ ఒక్కతే. హేజెల్ చెప్పే మాటలు డబ్బాల్లో లేకుండా బొమ్మ మీదే చేతిరాతలో ఉంటాయి కదా, ఆ రాత కూడా ఆమెదే. మిగతా సంభాషణల అక్షరాలు మాత్రం ఫోనోగ్రాఫిక్స్ అనే స్టూడియో పని. ఆరు సంచికలు వదలడం, కొన్ని నెలలు ఆగడం, ఆ వ్యవధిలో సంపుటం తేవడం మొదటి నుంచీ వాళ్ళు పెట్టుకున్న పద్ధతి. ఆలస్యం వల్ల కథ పట్టు జారిందని రాయండి, అది మీ చదువులో జరిగింది కాబట్టి. బద్ధకం అని మాత్రం రాయకండి.

స్టేపుల్స్ పేరు ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మీ రివ్యూలన్నీ చూడలేదు గానీ ఉత్తరంలో ఎక్కడా ఆమె పేరు లేదు. అంతా ‘రచయిత’. కామిక్స్ రివ్యూలకు ఇది పాత జబ్బు. కథ చెప్పేసి, చివర్లో ‘బొమ్మలు బాగున్నాయి’ అని ఒక ముక్క తగిలిస్తారు. ఒక పని చేయండి. ఏదో ఒక పేజీ తీసి, మాటలు చదవకుండా బొమ్మలు మాత్రమే చూడండి. మనుషులకు గట్టి గీత ఉంటుంది. వెనకున్న ఆకాశం, గోడలు, చెట్లు గీత లేకుండా రంగుతోనే తేలిపోతూ ఉంటాయి. అందుకే ఎంత విచిత్రమైన గ్రహంలో ఉన్నా చూపు ముఖాల మీదికే పోతుంది. హేజెల్ తల్లి అలానా విసుక్కున్నప్పుడు ఆ కనుబొమ్మలు చూడండి. తల స్థానంలో టీవీ ఉన్న రోబో రాజకుమారుడికి ముఖమే లేదు, అయినా భుజాలు వంగిన తీరులో ఓటమి తెలుస్తుంది. ఇలాంటివి రెండు పట్టుకుంటే రివ్యూకి బలం వస్తుంది.

ఆ టీవీ తల దగ్గరే మీ రెండో ప్రశ్న కూడా ఉంది.

2013 ఏప్రిల్‌లో 12వ సంచిక వచ్చింది. ఆ రాజకుమారుడు యుద్ధభూమిలో గాయపడి పడి ఉంటాడు, తెర అదుపు తప్పి ఏవేవో బొమ్మలు మెరుస్తాయి. వాటిలో ఇద్దరు మగవాళ్ళ శృంగారం ఉంది. సైజు తపాలా బిళ్ళంత. అదే సంచికను ఐఫోన్, ఐప్యాడ్ యాప్‌లో పెట్టలేదు. ఆపిల్ నిషేధించిందని రచయిత ప్రకటించాడు, పెద్ద గొడవైంది. మర్నాడు తేలిందేమిటంటే ఆపిల్ అసలు అడ్డు చెప్పనే లేదు. యాప్ నడిపే కామిక్సాలజీ వాళ్ళే ఆపిల్ నియమాలు ఒప్పుకోవేమోనని ముందుజాగ్రత్తగా ఆపేశారు. తర్వాత సంచిక మామూలుగానే అమ్మకానికి వచ్చింది. నాకు ఇందులో విశేషంగా తోచేది ఒకటే. అంతకుముందు నాలుగో సంచికలో గ్రహం గ్రహమంతా బట్టల్లేకుండా ఉంది. దానికి రాని గొడవ తపాలా బిళ్ళకు వచ్చింది. ‘పెద్దలకు మాత్రమే’ గీత ఎక్కడ గీస్తారన్నది బొమ్మ కన్నా చూసేవాళ్ళ భయాల మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఇంకోటి వినండి. అమెరికా గ్రంథాలయ సంఘం ఏటా ఒక జాబితా వేస్తుంది, లైబ్రరీల నుంచి తీసేయమని ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాలు. 2014 జాబితాలో సాగా ఉంది. నగ్నత్వం, బూతులు, ఇవి సరే. కారణాల్లో ‘కుటుంబ వ్యతిరేకం’ అని కూడా ఉంది! పసిపిల్లను బతికించుకోవడానికి రెండు సైన్యాలకు ఎదురు తిరిగిన అమ్మానాన్నల కథ. మొదటి ముఖచిత్రం మీదే తల్లి పాలిస్తూ నిలబడి ఉంటుంది, ఒక చేతిలో తుపాకీతో. దీన్ని కుటుంబ వ్యతిరేకం అన్నవాళ్ళు ఒక పేజీ దగ్గర ఆగిపోయి ఉంటారు, మీ ఆడపడుచులాగే.

అలాగని ఆమెను తప్పుపట్టకండి. ఆమె అడిగిన దాంట్లో సగం న్యాయం ఉంది. ‘ఇది పిల్లల పుస్తకం కాదమ్మా, పెద్దవాళ్ళ నవల. బొమ్మలు ఉన్నంత మాత్రాన పిల్లలది అయిపోదు’ అని చెప్పి, పుస్తకాలు పాపకు అందని పై అరలో పెట్టేయండి. మీ పాపకు బొమ్మలు చూసే వయసే ఇది, చదవడం రాకపోయినా లాగి తిరగేస్తుంది. అంతకు మించి మీ చదువుకు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

కామిక్స్ అంటే పిల్లలవే అన్న అభిప్రాయం మన దగ్గర ఒక్కచోటే లేదు. అమెరికాలో 1954లో ప్రచురణకర్తలే భయపడి తమకు తాము ఒక నియమావళి పెట్టుకున్నారు, కామిక్స్ కోడ్ అని. దాని ముద్ర లేకపోతే దుకాణాల్లోకి పంపడం కష్టమయ్యేది. నేరం గెలవకూడదు, నెత్తురు ఎక్కువ కనపడకూడదు, పెళ్ళి పవిత్రంగా ఉండాలి, ఇలా సాగేది. కామిక్స్‌కే ప్రత్యేకించిన దుకాణాలు పెరిగాక ఆ ముద్ర అవసరం తగ్గింది. 1980లలో డీసీ అనే పెద్ద కామిక్స్ కంపెనీ కొన్ని పుస్తకాల అట్ట మీద ‘పరిణతి ఉన్న పాఠకులకు’ అని వేయడం మొదలుపెట్టింది, 1993లో అలాంటివాటి కోసం వర్టిగో అని వేరే శాఖే పెట్టింది. సాగా వేస్తున్న ఇమేజ్ కామిక్స్‌ను 1992లో చిత్రకారులే పెట్టుకున్నారు. అక్కడ హక్కులు సృష్టికర్తలవే. అందుకే వాన్, స్టేపుల్స్ ఏం గీయాలో ఇంకెవర్నీ అడగరు. ఆ స్వేచ్ఛ ఉంది కాబట్టి బాధ్యత కూడా పూర్తిగా వాళ్ళదే. విమర్శకులకు ఇది మంచిది, కంపెనీ ఒత్తిడి అని సాకు చెప్పే వీలుండదు.

ఇప్పుడు రాయడం సంగతి. ‘అశ్లీలం’ అనకండి, ‘సాహసోపేతం’ అని కూడా అనకండి. రెండూ ఆలోచించకుండా తప్పించుకునే మాటలే. ఆ బొమ్మ ఎవరి చూపులోంచి గీశారో చూడండి. ఒక దేహాన్ని ఆ దేహం ఉన్న మనిషి అనుభవంగా చూపించారా, మన కళ్ళకు విందుగా పెట్టారా? సాగాలో ముసలివాళ్ళకు, లావుపాటివాళ్ళకు, బాలింతలకు కూడా దేహాలున్నాయి, వాళ్ళకూ కోరికలున్నాయి. ఇది చాలా కామిక్స్‌లో కనపడదు, గమనించి రాయాల్సిన విషయం. తర్వాత హింస. దెబ్బ గీయడం తేలిక. ఆ దెబ్బ తిన్నవాళ్ళు మూడు సంచికల తర్వాత ఎలా ఉన్నారో చూపిస్తున్నారా లేదా చూడండి. సోఫీ దగ్గర చూపించారు. అన్నిచోట్లా చూపించారా? నా దృష్టిలో లేదు. దారిన పోతూ చంపేసిన సైనికుల గురించి ఈ కథ కూడా చాలాసార్లు వెనక్కి తిరిగి చూడదు, యుద్ధం చెడ్డదని అంత గట్టిగా చెబుతున్నా సరే. మీరు ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోకపోతే ఏ పేజీ చూపించి కాదంటారో అది రాయండి. మీకు ఇబ్బంది కలిగించిన పేజీ ఉంటే ఇబ్బంది కలిగిందనే రాయండి. పెద్దవాళ్ళ పుస్తకం చదువుతున్నాం కాబట్టి ఏదీ పట్టించుకోనట్టు ఉండాలన్న బింకం అక్కర్లేదు.

విడి సంచికలా సంపుటాలా అని మీరు అడగలేదు గానీ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు. అమెరికాలో దుకాణాలు విడి సంచికల్ని ముందుగా ఆర్డర్ పెట్టి, మిగిలినా తిరిగి ఇవ్వలేని పద్ధతిలో కొంటాయి. కొత్త సిరీస్‌కు మొదటి నెలల ఆర్డర్లు పడిపోతే అది సంపుటం దాకా రాకుండానే ఆగిపోవచ్చు. కాబట్టి అక్కడివాళ్ళు ఇష్టమైన కొత్త సిరీస్‌ను విడిగా కొనడంలో అర్థముంది. మనకు విడి సంచిక తెప్పించుకుంటే పుస్తకం కన్నా రవాణా ఖర్చే ఎక్కువ. డిజిటల్‌లో విడిగానో, కాగితం మీద సంపుటంగానో చదవడమే మనకు కుదిరేది. సంపుటంలో చదివేటప్పుడు మాత్రం ఒక్కో సంచిక చివరి పేజీ దగ్గర పుస్తకం మూసేయండి. వాళ్ళు ఆ పేజీని నెల రోజులు మనసులో మెదలాలని గీశారు. ఒక్క నిమిషంలో తిప్పేసి ‘సస్పెన్స్ పండలేదు’ అని రాయడం భావ్యం కాదు. ఒక రాత్రి ఆగినా చాలు.

మళ్ళీ ఎక్కణ్ణుంచి అంటారా? మొదటి నుంచి మొదలుపెట్టకండి, నాలుగో సంపుటం దగ్గర అలసిపోతారు. తొమ్మిదో సంపుటం ఒక్కటి మళ్ళీ చదవండి, 49 నుంచి 54 దాకా. బాధగానే ఉంటుంది, కానీ ఈసారి ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి ఎలా నడిపించారో కనిపిస్తుంది. మీ పాత రివ్యూను పక్కన పెట్టుకుని, దాని కింద కొత్త తేదీతో ఇంకో నాలుగు ముక్కలు రాయండి. తర్వాత 55. కథలో కూడా కొన్నేళ్ళు గడిచిపోయాయి, హేజెల్‌కు పదేళ్ళు వచ్చాయి. మీరు మర్చిపోయిన వాళ్ళలో కొందర్ని కథే గుర్తు చేస్తుంది. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, ఎవరికి ఏ రహస్యం తెలుసు, హేజెల్ ముందే ఏం చెప్పేసింది, ఈ రెండే రాసుకోండి. మిగతావి గుర్తుండకపోయినా నష్టం లేదు.

తిరిగి వచ్చాక నడక నెమ్మదించింది. పదో సంపుటంలో చాలాసేపు ఏమీ జరగట్లేదనిపిస్తుంది. నాకు ఆ నెమ్మది నచ్చింది. పోయిన మనిషి లేని ఇల్లు అలాగే నడుస్తుంది, పగలంతా పనులు, డబ్బు ఇబ్బందులు, పిల్లల అల్లరి. మీకు విసుగు రావచ్చు. వస్తే అదీ రాయండి. 10, 11, 12 సంపుటాలు ఒకేసారి తెప్పించుకోకండి. పది ముగించి, రివ్యూ గ్రూపులో పెట్టాక పదకొండు ఆర్డర్ చేయండి. అప్పటిదాకా ముందుకెళ్ళిపోయిన వాళ్ళను స్పాయిలర్లు చెప్పొద్దని గ్రూపులో గట్టిగానే అడగండి.